మా చేలమీద ఎగిరిన గూని విమానం

ఈ పోస్టు కొంచెం పెద్దదే. తీరిక చేసుకుని చదవండి.

1978 ప్రాంతంలో, నాకు తొమ్మిదో పదో ఏళ్లున్నప్పుడు, తెల్లవారుజామున మా ఊరి పత్తి చేలమీదికి ఒక విమానం వచ్చింది. తాటిచెట్ల తలల కంటే కిందకి దిగి, పొగలా మందు కొట్టుకుంటూ పోయి, ఆ చివర పైకి లేచి మళ్లీ తిరిగొచ్చింది. ఇప్పుడీ సంగతి చెబితే మా పిల్లలు నవ్వుతారు. అందుకే అదేం విమానమో తేల్చాలని కూర్చున్నాను.

నాకు గుర్తున్నవి ఇవీ. రెక్కల జత ఒక్కటే, అదీ ఒంటికి కిందివైపున. రెక్కల పైనుంచి ఒంటికి ఏటవాలుగా కడ్డీలు. ముందు రెండు చక్రాలు, తోక కింద చిన్న చక్రం. పైలట్ ఒక్కడే, గూనిమీద ఎక్కి కూర్చున్నట్టు ఎత్తులో ఉన్నాడు.

రెక్కలున్నాయి కాబట్టి హెలికాప్టర్ కాదు. అమెరికా వాళ్ల ఆగ్‌క్యాట్ అనుకుందామంటే దానికి రెక్కలు రెండంతస్తులు. పైపర్ పానీ అనే ఇంకో అమెరికా విమానం అచ్చం ఇలాగే ఉంటుంది, అక్కడే చాలాకాలం ఆగిపోయాను. చివరికి చిక్కు విప్పింది మా పెదనాన్న మాట. "ఇది మన దేశంలోనే చేశారంట రా" అని ఆయన ఆ రోజే చెప్పాడు.

మన దేశంలో చేసిన మందు కొట్టే విమానం బసంత్. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్లది. బసంత్ అంటే వసంతం. మొదటి నమూనా సరిగ్గా కుదరక మార్చి కట్టారు. ఆ మార్చిన విమానం 1972 మార్చి 30న ఎగిరింది. 1974 నుంచి వ్యవసాయ శాఖకు ఇవ్వడం మొదలెట్టారు. 1980కల్లా తయారీ ఆపేశారు. మొత్తం చేసినవి 39 మాత్రమే. ఇంజను 400 హార్స్‌పవర్, అంటే మన ట్రాక్టర్లు ఓ పది కలిపినంత బలం.

ఆ గూని ఊరికే పెట్టింది కాదు. మందు ట్యాంకు ఇంజనుకీ పైలట్‌కీ మధ్యలో ఉంటుంది. విమానం నేలను గుద్దుకుంటే ఆ బరువు వెనకనుంచి వచ్చి పైలట్‌ని నలిపేయకుండా ఆ ఏర్పాటు. ట్యాంకు మీదుగా ముందు చేను కనపడాలి కాబట్టి సీటు ఎత్తులో పెట్టారు.

ఇక అసలు సంగతి. విమానానికి సాలు తెలియాలంటే చేను చివర ఒక మనిషి జెండా పట్టుకుని నిలబడాలి. ఒక వరస అయ్యాక పక్కకి జరగాలి. మా ఊళ్లో ఆ జెండా పట్టింది పెదనాన్నే. ముఖానికి గుడ్డ కూడా లేదు. మందులో నిలువునా తడిసిపోయాడు. రెండు రోజులు వాంతులు, తలపోటు. ఎండ తగిలిందనుకున్నాం. గేదెలు కూడా ఆ గట్లమీదే మేశాయి.

అప్పటికే 1971 పురుగుమందుల నిబంధనలు ఉన్నాయి. గాల్లోంచి కొట్టేముందు కనీసం 24 గంటల ముందు జనానికి తెలియజేయాలి. సంబంధం లేని మనుషుల్నీ పశువుల్నీ అటు రానివ్వకూడదు. కడుక్కోవడానికి నీళ్లు, ప్రథమ చికిత్స కొట్టేవాళ్లే ఏర్పాటు చేయాలి. మాకు దండోరా వేసినవాళ్లే లేరు. అడగాలని మాకూ తెలీదు.

ఇప్పుడు ఆ పని డ్రోన్లు చేస్తున్నాయి. మంచిదే, భుజాన పంపు బరువు తప్పింది. కానీ గాలి మారలేదు, మందు విషం మారలేదు. కొట్టించే ముందురోజే గట్టు పక్కవాళ్లకి చెప్పండి. పశువుల్ని, పిల్లల్ని దూరంగా ఉంచండి. గాలి లేచిందంటే ఆపించండి.

పెదనాన్న ఇప్పుడు లేడు. ఆ విమానం పేరు ఆయనకి చెప్పలేకపోయాను. మీ ఊళ్లో జెండా పట్టిన పెద్దాయన ఎవరైనా ఉంటే, ఈ పోస్టు చదివి వినిపించండి.