గోథిక్ సాంగ్

మధ్యయుగ పారిస్ చర్చి సంగీతంపై అమెరికన్ పండితురాలు మార్గో ఫాస్లర్ రాసిన పరిశోధన గ్రంథం. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ 1993లో ప్రచురించింది. అమెరికన్ మ్యూజికలాజికల్ సొసైటీ వారి ఒట్టో కింకెల్డీ పురస్కారం, మెడీవల్ అకాడమీ ఆఫ్ అమెరికా వారి జాన్ నికొలస్ బ్రౌన్ బహుమతి రెండూ దీనికి దక్కాయి. సంగీత శాస్త్రజ్ఞులనూ చరిత్రకారులనూ ఇంతగా మెప్పించడం చిన్న విషయం కాదు.

గ్రంథ విషయం ‘సీక్వెన్స్’. దివ్యబలిపూజలో అల్లెలూయా తర్వాత పాడే లాటిన్ గీతమది. 12వ శతాబ్దంలో అది అంత్యప్రాసలతో, నియతమైన లయతో కొత్త రూపు దిద్దుకుంది. ఈ గీతాలకు పేరెన్నికగన్న కవి ఆడమ్. పారిస్‌లోని సెయింట్ విక్టర్ మఠం పేరుతోనే ప్రసిద్ధుడైన ఆయన, నోట్రడామ్ కెథడ్రల్‌లో గాయక ప్రముఖుడిగా పనిచేశాడని ఫాస్లర్ వాదించారు.

పుస్తకానికి ప్రాణం బాణీల విశ్లేషణ. మన భజనల్లో తెలిసిన వరసకు కొత్త పాట కట్టినట్టే, విక్టర్ మఠంవారూ పాత బాణీలను కొత్త గీతాలకు వాడుకున్నారు. ఒక పండుగ పాట వింటుంటే మరో పండుగ భావం స్ఫురించేది. ఆ అల్లికలో మఠ సంస్కరణ ఆశయాలను, హ్యూ అనే మఠ పండితుడి దైవశాస్త్రాన్ని ఫాస్లర్ ఓపికగా చదివి చూపారు. రెండో ముద్రణ 2011లో వచ్చింది.