హైదరాబాదు: మాల్‌లు, ఫుడ్ కోర్టులు

వివిధ వ్యాపారసంస్థల దుకాణములను, చలనచిత్రశాలలను, భోజనవసతులను ఒక్క భవనమున చేర్చి, వాని నన్నింటిని ఒక్క యాజమాన్యము తన నిబంధనలచే నడపెడి విపణిగృహము మాల్ అనబడుచున్నది; అందు పెక్కు వంటశాలలకు ఉమ్మడిగా ఏర్పరచిన భోజనస్థలము ఫుడ్ కోర్టు. హైదరాబాదున ఇవి ఇరువదియొకటవ శతాబ్ది ఆరంభమున వెలసినవే యైనను, దుకాణములను ఒకచోట కూర్చి కట్టించు సంప్రదాయము ఈ నగరమున అంతకు చాల పూర్వమే కలదు.

పూర్వరంగము: 1591లో చార్మినారు వెలసిన నగరమున వర్తకము సరకున కొక బజారుగా విస్తరిల్లినది, గాజులకు లాడ్ బజారు, టోకు వ్యాపారమునకు బేగంబజారు నేటికిని ప్రసిద్ధములు. 1908 సెప్టెంబరులో మూసీనది వరద నగరమును ముంచివేయగా, పునర్నిర్మాణమునకై 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పత్తర్‌గట్టీ యందు రాతికమానుల వరుసను తీర్చి, క్రింద దుకాణములను, పైన నివాసములను అమర్చినది. ఏడవ నిజాము ద్వితీయపుత్రుని పేర 1935లో గ్రానైటు రాతితో నిర్మితమైన మొజంజాహి మార్కెట్టు, తన గడియారపు బురుజుతోను, విశాలమైన నడిమి ఆవరణతోను, పండ్ల అంగళ్లతోను, ఐస్‌క్రీము దుకాణములతోను జనాకర్షకమయ్యెను. అయినను ఈ కట్టడములందు ప్రతి వర్తకుడును తన బేరమునకు తానే కర్త.

మాల్‌ల ఆవిర్భావము: 1991 నాటి ఆర్థిక సంస్కరణలును, 1998లో మాదాపూరున సైబర్ టవర్సు ప్రారంభముతో ఊపందుకొన్న సాఫ్టువేరు ఉద్యోగములును, చేతిలో నెలజీతమును, వారాంతపు విరామమును గల నూతన కొనుగోలుదారుల వర్గమును సృజించినవి. హుస్సేన్‌సాగర తీరమున ఐమాక్సు తెరతో 2003లో ఆరంభమైన ప్రసాద్స్, సినిమాను, దుకాణములను, ఫుడ్ కోర్టును ఏకత్ర చేర్చెను. 2004లో పంజాగుట్టయందు హైదరాబాద్ సెంట్రల్, 2009లో బంజారాహిల్సున జీవీకే వన్, మాదాపూరున ఇనార్బిట్, 2014లో కూకట్‌పల్లియందు ఫోరమ్ సుజనా వెలసినవి. ఉద్యోగములతోపాటు నివాసములును వాయవ్యదిశకు జరుగగా, విపణియు ఆ బాటనే పట్టినది. 2017లో మెట్రో రైలు ప్రారంభమైన పిమ్మట కొన్ని స్టేషనుల చెంతనే మాల్‌లు నిర్మితములైనవి. 2023లో కూకట్‌పల్లియందు, పూర్వపు మంజీరా మాల్ భవనముననే, లులు మాల్ తెరువబడెను.

ఫుడ్ కోర్టు: ఇది సాధారణముగా పై అంతస్తున, సినిమాహాళ్లకు చేరువనే ఉండును, ఆకలిగొన్నవాడు అచ్చటికి చేరుటకు ఎస్కలేటరుపై అంతస్తు వెంట అంతస్తుగా దుకాణములను చూచుచు పోవలసియుండును. పెక్కుచోట్ల ముందుగా సొమ్ము చెల్లించి కార్డు పుచ్చుకొని, కౌంటరున వంటకమును కోరి, ఎఱ్ఱని అంకెల పలకపై తన టోకెను సంఖ్య వెలుగువరకు వేచి, పళ్లెమును తానే మోసికొని, దొరికిన బల్లకడ కూర్చుండుట ఇచ్చటి పద్ధతి. బిర్యానీకి ఒక హోటలును, చాయకు ఇరానీ కేఫును, మిరపకాయ బజ్జీకి బండిని వెదకికొని పోవుటకు అలవడిన నగరమున, తాత ఇడ్లీని, కోడలు నూడుల్సును, మనుమడు పిజ్జాను ఒకే బల్లపై తినగలుగుటయు, శాకాహారులు, మాంసాహారులు ఎవరి వంటశాల నుండి వారు తెచ్చుకొని కలిసి భుజింపగలుగుటయు దీని విశేషము.

నియంత్రణము, పరిణామము: వాహనములు నిలుపుటకై మాల్‌లు వసూలుచేయు రుసుముపై ఫిర్యాదులు పెరుగగా, తెలంగాణ ప్రభుత్వము 2018లో మొదటి 30 నిమిషములకు రుసుము కూడదని ఉత్తరువు నిచ్చెను, అటుపై గంటవరకు కొనుగోలు రసీదు చూపినవారికిని ఉచితమే. 2020 మార్చిలో కోవిడు కారణముగా మాల్‌లన్నియు మూతపడినవి. ఆ ఏడాదియే ఆగస్టున జీర్ణోద్ధరణ పొందిన మొజంజాహి మార్కెట్టు తిరిగి ప్రారంభమగుట గమనార్హము. పెండ్లిచీరలకు, గాజులకు, టోకు సరకునకు జనులు నేటికిని పాత బజారులకే పోవుచున్నారు. నిత్యోపయోగ వస్తువులు అంతర్జాల విపణినుండి ఇంటికే వచ్చుచున్నవి. కావున మాల్‌లు వస్తువిక్రయముకంటె భోజనమును, వినోదమును ఆశ్రయించి నిలువజూచుచున్నవి.