రొమ్ముక్యాన్సర్ ముందస్తు పరీక్ష: స్త్రీల నొప్పి – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
రొమ్ముక్యాన్సర్ ముందస్తు పరీక్షల చరిత్ర ఎక్కువగా యంత్రాల చరిత్రగానే నమోదైంది. పరీక్షవేళ స్త్రీ పడే నొప్పికి అందులో దక్కిన చోటు తక్కువ. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వంటి తూర్పు హైదరాబాదు ప్రాంతాల సందర్భంలో ఆ నొప్పిని చరిత్రాంశంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. శస్త్రం నుంచి యంత్రానికి:
ఆంగ్ల నవలా రచయిత్రి ఫానీ బర్నీకి 1811 సెప్టెంబరు 30న పారిస్‌లో మత్తుమందు లేకుండానే రొమ్ము తొలగించారు. ఆ బాధను ఆమె తన సోదరికి రాసిన లేఖలో వివరించింది. అది చికిత్స కలిగించిన నొప్పి. 1913లో బెర్లిన్ శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలమన్ ఎక్స్‌రే తీసి పరిశీలించినవి అప్పటికే తొలగించిన రొమ్ములు; అక్కడ నొప్పి ప్రసక్తే లేదు. 20వ శతాబ్ది మధ్యభాగంలో ఉరుగ్వే వైద్యుడు రౌల్ లెబోర్న్ రొమ్మును అదిమిపట్టి చిత్రం తీయడానికి ప్రాధాన్యం కల్పించాడు. అదమడం వల్ల కణజాలం పరచుకొని చిత్రం స్పష్టమవుతుంది, కిరణాల మోతాదు తగ్గుతుంది. మామోగ్రామ్‌లో నొప్పికి కారణమూ అదే. తొలిదశ కణితి సాధారణంగా నొప్పి పెట్టదు. కనుక ఏ బాధా లేని స్త్రీ, పరీక్ష కోసం నొప్పిని భరించవలసిన స్థితి ఏర్పడింది.

2. హైదరాబాదు సందర్భం:
నగరంలోని ప్రభుత్వ క్యాన్సర్ వైద్యానికి కేంద్రమైన ఎం.ఎన్.జె. సంస్థ 1955లో ఏర్పడింది. అది రెడ్‌హిల్స్‌లో ఉంది. 2018 సెప్టెంబరు 24న ఎల్.బి.నగర్–అమీర్‌పేట మెట్రో మొదలయ్యాక దిల్‌సుఖ్‌నగర్ నుంచి లక్డీకాపూల్ దాకా ఒకే రైలులో వెళ్లే వీలు కలిగింది. 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు 30–65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకొకసారి ఆరోగ్యకార్యకర్త చేతితో చేసే రొమ్ము పరీక్షను సూచించాయి. 2023 మార్చి 8న తెలంగాణలో ప్రారంభమైన ‘ఆరోగ్య మహిళ’ కార్యక్రమంలోనూ రొమ్ముక్యాన్సర్ పరీక్ష భాగమే. 1998లో ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి ప్రారంభించిన అధ్యయనంలో సుమారు లక్షన్నర మంది స్త్రీలు పాల్గొన్నారు. రెండేళ్లకొకసారి చేతిపరీక్ష జరిగిన వర్గంలో, యాభై ఏళ్లు దాటినవారి రొమ్ముక్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో వెల్లడైంది. ఈ ఫలితం ఒక్కసారి పరీక్షతో వచ్చింది కాదు. స్త్రీ మళ్లీ మళ్లీ రావాలి. మొదటిసారి పడిన నొప్పిని ఎవరూ పట్టించుకోకపోతే ఆమె రెండోసారి రావడానికి వెనుకాడే అవకాశం ఉంది.

3. నొప్పి – భాష:
నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెలతో కొలవడం వైద్యంలో వాడుక. అంకె తీవ్రతను చెబుతుంది, స్వభావాన్ని చెప్పదు. కెనడా మనోవిజ్ఞాని రొనాల్డ్ మెల్జాక్ 1975లో రూపొందించిన మెక్‌గిల్ ప్రశ్నావళి నొప్పిని వర్ణించే మాటలనే ఆధారం చేసుకొంది. తెలుగులో పోటు, సలుపు, తీపు, మంట ఒకటి కావు. పాలిచ్చే తల్లి రొమ్ములో సలుపు వేరు, యంత్రపు పలకల నడుమ కలిగే ఒత్తిడి వేరు. ‘ఓర్చుకోమ్మా’ అన్న ఒక్క మాటతో ఈ భేదాలన్నీ చెరిగిపోతాయి.

ముగింపు:
ఎందుకు అదుముతారో, ఎంతసేపు అదుముతారో స్త్రీకి ముందే ఆమె భాషలో చెప్పాలి. నెలసరికి ముందు రొమ్ములు సున్నితంగా ఉంటాయి గనుక ఆ వారం వద్దని సూచించాలి. భరించలేకపోతే ఆపమని అడిగే హక్కు ఉందని తెలపాలి. స్త్రీలు వాడే నొప్పి మాటలను ప్రాంతాలవారీగా సేకరించడం తెలుగు పరిశోధకులు చేపట్టదగిన పని. ఆ పదావళి ఆసుపత్రికి చేరిననాడు పరీక్షల చరిత్రలో పరీక్షకు వచ్చిన స్త్రీ మాటకూ చోటు దొరుకుతుంది.