సూరత్‌లో తెలుగు పుస్తకం వెతికితే దొరుకుతుందా? గ్రంథాలయాల ఉమ్మడి కేటలాగ్ పనిచేసే తీరు

సూరత్ నగరపాలక సంస్థ ఏడు మాధ్యమాల్లో ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌తో పాటు వాటిలో తెలుగు కూడా ఉంది. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, ఇందుకు ప్రధాన కారణం.

అలాంటి నగరంలో ఒక గ్రంథాలయానికి ఎవరో రెండు పెట్టెల తెలుగు పుస్తకాలు ఇచ్చారనుకుందాం. అవి అలమారలోకి చేరాయి. కానీ కంప్యూటర్‌లో పేరు కొట్టి వెతికిన పాఠకుడికి కనిపించలేదు. అప్పుడు ఆ పుస్తకాలు ఉన్నా లేనట్టే. దొరకని పుస్తకాన్ని ఎవరూ తీసుకెళ్లరు. ఏళ్ల తరబడి ఎవరూ తీసుకెళ్లని పుస్తకాలే, చోటు చాలనప్పుడు ముందుగా అటకెక్కుతాయి.

పుస్తకం కనిపించాలా వద్దా అన్నది దాని గురించి కేటలాగ్‌లో రాసిన పది పదిహేను పంక్తుల రికార్డు మీద ఆధారపడి ఉంటుంది. పైగా ఆ రికార్డు ఇప్పుడు ఒక్క గ్రంథాలయానిదే కాదు. ఒకచోట రాసింది మరెన్నో చోట్లకు వెళ్తుంది, తప్పులతో సహా.

ఒకరు రాస్తే అందరూ వాడుకోవడం

ఒకే పుస్తకం వంద గ్రంథాలయాలకు చేరినప్పుడు వందమంది కూర్చుని అవే వివరాలు వందసార్లు రాయడం దండగ. ఈ ఆలోచనతోనే అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1901లో తాను అచ్చువేసుకున్న కేటలాగ్ కార్డులను ఇతర గ్రంథాలయాలకు అమ్మడం మొదలుపెట్టింది. 1960లలో అదే సంస్థలో హెన్రియెట్ అవ్రమ్ అనే ప్రోగ్రామర్ ఆ కార్డు మీది వివరాలను కంప్యూటర్ చదవగలిగే అంకెల గళ్లలోకి మార్చారు. దాని పేరు మార్క్. నేటికీ ప్రపంచంలోని చాలా గ్రంథాలయాలు వాడుతున్నది దాని తర్వాతి రూపమే. రచయిత పేరు 100వ గడిలో, పుస్తకం పేరు 245వ గడిలో, విషయం 650వ గడిలో ఉంటాయి. భాషకు మూడక్షరాల సంకేతం ఉంటుంది, తెలుగుకైతే టి-ఇ-ఎల్. 1967లో ఒహాయో రాష్ట్ర కళాశాలలు కలిసి పెట్టుకున్న ఓసీఎల్‌సీ సంస్థ 1971లో ఉమ్మడి కేటలాగ్‌ను నడపడం ప్రారంభించింది. ఇవాళ దాన్ని వరల్డ్‌క్యాట్ అంటున్నారు.

భారత్‌లో ఈ పనిచేసే ప్రధాన సంస్థ సూరత్ ఉన్న రాష్ట్రంలోనే ఉంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపేందుకు యూజీసీ 1991లో మొదలుపెట్టిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ 1996లో స్వతంత్ర కేంద్రమైంది. దాని ప్రధాన కార్యాలయం గాంధీనగర్‌లో ఉంది. విశ్వవిద్యాలయాల పుస్తకాలు, పత్రికలు, పరిశోధన గ్రంథాల ఉమ్మడి కేటలాగ్ ఇండ్‌క్యాట్‌ను, కళాశాలలు వాడే సోల్ సాఫ్ట్‌వేర్‌ను ఈ సంస్థే తయారు చేసింది. 2009లో వచ్చిన సోల్ రెండో రూపం యూనికోడ్‌ను, అంటే భారతీయ లిపులను, అంగీకరిస్తుంది. డబ్బు పెట్టలేని గ్రంథాలయాలకు కోహా ఉంది. న్యూజిలాండ్‌లోని ఒక చిన్న పట్టణ గ్రంథాలయం కోసం తయారై 2000లో వాడుకలోకి వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. మావోరీ భాషలో కోహా అంటే కానుక.

సూరత్‌లో 1850 నాటి ఆండ్రూస్ లైబ్రరీ ఉంది, నగరపాలక సంస్థ నడిపే కవి నర్మద్ సెంట్రల్ లైబ్రరీ ఉంది, వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం ఉంది. ఒకే ఊరివైనా ఇవి మూడు వేర్వేరు ఏలుబడుల కింద ఉన్నాయి. ఇండ్‌క్యాట్‌ను ఉద్దేశించింది ఉన్నత విద్యాసంస్థల కోసం. పురపాలక గ్రంథాలయాలు, బడి గ్రంథాలయాలు దాని లెక్కలోకి రావు. తెలుగు చదివే పిల్లలు, మగ్గం కార్మికులు వెళ్లగలిగేది మాత్రం వీటికే.

రావు ఇంటిపేరా?

కేటలాగ్ రాసేవారికి తెలుగు పుస్తకంలో మొట్టమొదట ఎదురయ్యే చిక్కు రచయిత పేరు. అన్ని పుస్తకాలూ ఒకచోట చేరాలంటే రచయితను ప్రతిసారీ ఒకే రూపంలో రాయాలి. సూరత్ కవి నర్మద్‌నే తీసుకోండి. 1833లో పుట్టిన ఆయన అసలు పేరు నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే. నర్మదాశంకర్ ఆయన పేరు, లాల్‌శంకర్ తండ్రి పేరు, దవే ఇంటిపేరు. ఒక పుస్తకం మీద నర్మద్ అని, ఇంకోదాని మీద పూర్తి పేరుతో ఉన్నా అవి ఒకే మనిషివని చెప్పడానికి గ్రంథాలయాలు ప్రామాణిక నామాల పట్టిక ఒకటి పెట్టుకుంటాయి. ఏ రూపంతో వెతికినా ఒకేచోటికి తీసుకెళ్లడం దాని పని.

గుజరాతీ పద్ధతిలో ఇంటిపేరు చివర ఉంటుంది. తెలుగులో అది ముందుంటుంది. చాలాసార్లు ఒక పొడి అక్షరంగా మాత్రమే మిగులుతుంది. సి. నారాయణరెడ్డిలో ‘సి’ అంటే సింగిరెడ్డి అని తెలుగువాడికి చెప్పనక్కర్లేదు. తెలియనివారు చివర కనిపించిన రెడ్డినే ఇంటిపేరనుకుంటారు. వారి తప్పు కూడా కాదు. దశాబ్దాలుగా వాడుకలో ఉన్న ఆంగ్లో-అమెరికన్ కేటలాగింగ్ నియమాలు ఆధునిక భారతీయ పేర్లను ఇంటిపేరు కింద నమోదు చేయమంటాయి. ఇంటిపేరు లేకపోతే చివరి మాట కింద పెట్టమంటాయి. శ్రీరంగం శ్రీనివాసరావు పేరులో ఏది ఇంటిపేరో తెలియనివారికి రావు ఒక్కటే మిగులుతుంది. దాంతో ఆయన వేలమంది రావుల మధ్య చేరిపోతారు. అదే పట్టికలో శ్రీశ్రీ అనే మరో ‘రచయిత’ కూడా ఉంటారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి, రావిశాస్త్రి ఇద్దరైపోవడమూ ఇలాగే.

‘ప్రతులకు’ అన్న మాట తెచ్చే తంటా

రెండో చిక్కు పుస్తకం లోపలి పేజీలో ఉంటుంది. తెలుగు పుస్తకాల్లో ప్రచురణకర్త పేరు కంటే ‘ప్రతులకు’ అన్న మాట కింద ఉండే చిరునామాలే ప్రస్ఫుటంగా కనిపిస్తాయి. విశాలాంధ్ర, నవోదయ లాంటి దుకాణాల పేర్లు అక్కడుంటాయి. అవి పుస్తకం అమ్మేచోట్లు మాత్రమే. రచయిత సొంత ఖర్చుతో వేసుకున్న పుస్తకంలో ఆ పేర్లే కాస్త పెద్దగా ఉంటే, తెలుగు చదవలేనివారు వాటినే ప్రచురణకర్తగా రాస్తారు.

‘ముద్రణ’ మరింత గజిబిజి. ఉన్న పాఠాన్నే మళ్లీ అచ్చువేసినా రెండో ముద్రణే, పుస్తకాన్ని తిరగరాసి వేసినా రెండో ముద్రణే. కేటలాగ్‌కు ఆ తేడా ప్రాణం. మొదటి సందర్భంలో పాత రికార్డుకే ఇంకో ప్రతిని జోడిస్తే సరిపోతుంది. రెండో సందర్భంలో కొత్త రికార్డు తప్పనిసరి. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1897లో ఒకసారి, బాగా పెంచి తిరగరాసిన రూపంలో 1909లో మరోసారి వచ్చింది. ఒకే పేరు, ఒకే రచయిత. కానీ అవి దాదాపు రెండు నాటకాలు. ఉమ్మడి కేటలాగ్‌లో నకళ్లను ఏరివేసే ప్రోగ్రామ్ పేరును, రచయితను మాత్రమే పోల్చి రెంటినీ కలిపేస్తే, 1897 నాటి ప్రతి ఎక్కడుందో వెతికే పరిశోధకుడికి దారి మూసుకుపోయినట్టే. ఐఎస్‌బీఎన్ ఉన్న కొత్త పుస్తకాలకు ఈ బాధ తక్కువ. సంఖ్యతో సంఖ్యను పోల్చితే చాలు. పాత తెలుగు పుస్తకాలకు, రచయితల సొంత ప్రచురణలకు చాలావాటికి ఆ సంఖ్య లేదు. అక్కడ పేరే ఆధారం, పేరును ఏ లిపిలో రాశారన్నదే ఆధారం.

కల, కళ, కాల: అన్నీ ఒకటే

ఉమ్మడి కేటలాగ్‌లో తెలుగు ఎక్కువగా దెబ్బతిన్నది లిపి దగ్గరే. దీని వెనక ఓ గోధుమల కథ ఉంది. పీఎల్-480 చట్టం కింద అమెరికా భారత్‌కు పంపిన ధాన్యానికి చెల్లింపు రూపాయల్లో జరిగేది. ఆ రూపాయల్లో కొంత పెట్టి భారతీయ పుస్తకాలు కొనడానికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో దిల్లీలో కార్యాలయం తెరిచింది. తెలుగుతో సహా అనేక భాషల పుస్తకాలు అలా అమెరికా విశ్వవిద్యాలయాలకు చేరాయి, వాటికి చక్కటి రికార్డులూ తయారయ్యాయి. ఆ కాలంలో విజయవాడలో అచ్చయిన పుస్తకానికి రికార్డు కావాలంటే ఇప్పటికీ వాషింగ్టన్ కేటలాగ్‌లో వెతకడమే తేలిక కావడం విచిత్రమే.

అయితే ఆ రికార్డులు తెలుగు లిపిలో లేవు. కంప్యూటర్ కేటలాగ్‌ల కోసం రూపొందిన మార్క్-8 అక్షర సముదాయంలో చైనీస్, జపనీస్, కొరియన్, అరబిక్, హీబ్రూ, గ్రీకు, రష్యన్ లిపులకు చోటు దక్కింది. భారతీయ లిపి ఒక్కదానికీ దక్కలేదు. కాబట్టి తెలుగు పేర్లను రోమన్ అక్షరాల్లో, దీర్ఘానికి పైన గీత, ట-ణ-ళలకు కింద చుక్క పెట్టి రాశారు. కోల్‌కతాలోని సెంట్రల్ రిఫరెన్స్ లైబ్రరీ 1950ల చివరి నుంచి వెలువరిస్తున్న ఇండియన్ నేషనల్ బిబ్లియోగ్రఫీ కూడా భారతీయ భాషల పుస్తకాలకు రోమన్ లిపినే ఎంచుకుంది.

పండితులకు ఆ గీతలు, చుక్కలు సరిపోతాయి. వెతికే పెట్టెలో మామూలు పాఠకుడు అవేవీ కొట్టడు, చాలా సాఫ్ట్‌వేర్లు వాటిని లెక్కలోకి తీసుకోవు. గీతలు, చుక్కలు తీసేస్తే కల, కళ, కాల అన్నీ కె-ఏ-ఎల్-ఏ. పాట, పాత రెండూ పి-ఏ-టి-ఏ. ఇక తెలుగువాళ్లు ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో రాసే తీరు పూర్తిగా వేరు. ‘త’కు టి-హెచ్ రాస్తారు, దీర్ఘానికి ఏ రెండుసార్లు కొడతారు. కేటలాగ్ నియమంలో టి-హెచ్ అంటే ‘థ’. ఆ పాఠకుడు, ఆ రికార్డు ఒకరికొకరు ఎదురుపడే అవకాశమే లేదు.

పరిష్కారం లేక కాదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగు ఉంది. మార్క్ రికార్డులో 880 అనే గడి ఉన్నదే ఇందుకు. రోమన్‌లో రాసిన ప్రతి వివరాన్నీ సొంత లిపిలో దాని పక్కనే రాసుకోవచ్చు. రెండూ ఉన్న రికార్డు వాషింగ్టన్‌లోనూ దొరుకుతుంది, సూరత్‌లో తెలుగు కీబోర్డుతో కొట్టినా దొరుకుతుంది.

యూనికోడ్‌లోనూ చిన్న చిన్న ఉచ్చులున్నాయి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత జాబితాలను నేరుగా డేటాబేస్‌లో అతికిస్తే తెరమీద అర్థంలేని గుర్తులే మిగులుతాయి, ముందు వాటిని యూనికోడ్‌లోకి మార్చాలి. ‘సూరత్‌లో’ అన్న మాటలో ‘త్’కు, ‘లో’కు మధ్య కంటికి కనిపించని విరామ సంకేతం ఒకటుంటుంది. ఒకరు దాన్ని పెట్టి, మరొకరు పెట్టకుండా రాస్తే కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. ‘కన్యాశుల్కము’, ‘కన్యాశుల్కం’ కూడా అంతే. టైటిల్ పేజీ మీద ఉన్నది ఉన్నట్టు 245లో రాసి, వాడుకలో ఉన్న రూపాన్ని 246వ గడిలో అదనంగా ఇస్తే రెంటితోనూ దొరుకుతుంది. అరసున్నలు, బండి ‘ఱ’లు ఉన్న పాత పుస్తకాలకు ఇది మరీ అవసరం.

అలమారలో దూరం

విషయ సంఖ్యల దగ్గర గొడవ తక్కువే. డ్యూయీ దశాంశ వర్గీకరణలో గుజరాతీ సాహిత్యం 891.47, తెలుగు సాహిత్యం 894.827. భాషా కుటుంబాలు వేరు కాబట్టి ఈ ఎడం. ఈ సంఖ్య సరిగ్గా పడితే తెలుగు పుస్తకాలన్నీ ఒక్కచోటికి చేరతాయి. కేటలాగ్ చేయిచ్చినా అలమార దగ్గర నిలబడి వెతుక్కోవచ్చు. అన్నిటినీ ‘ఇతర భాషలు’ అని ఒకే అరలో సర్దేస్తే ఆ దారీ ఉండదు.

సూరత్‌లో చేయగలిగింది

తెలుగు చదవలేని గ్రంథపాలకుడికి ముందున్న దారి తెచ్చుకోవడం, అంటే ఇతరుల రికార్డును దించుకోవడం. కోహా లాంటి సాఫ్ట్‌వేర్లలో జడ్ 39.50 అనే ఏర్పాటు ఉంటుంది. ఐఎస్‌బీఎన్ కొడితే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వంటి చోట్ల ఉన్న రికార్డు నేరుగా తన తెరమీదికి వస్తుంది. దించుకున్నాక చేతిలోని పుస్తకంతో సంవత్సరం, పేజీల సంఖ్య, ముద్రణ సరిచూసుకోవాలి. చాలాచోట్ల ఎగిరిపోయే మెట్టు ఇదే. సరిచూడకుండా దించుకుని తిరిగి ఉమ్మడి డేటాబేస్‌లోకి పంపితే, ఒకచోటి పొరపాటుకు రెండో సాక్షి దొరుకుతాడు. మూడోచోట దించుకునేవారికి అది నిజమే అనిపిస్తుంది.

రికార్డే లేని పుస్తకానికి మాత్రం తెలుగు చదివే మనిషి కావాలి. ఇంటిపేరు ఏది, ‘ప్రతులకు’ అంటే ఏమిటి, ఇది పునర్ముద్రణా లేక తిరగరాసిందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెబుతూ, పుస్తకం పేరును తెలుగులో టైపు చేయగలిగితే చాలు. 880వ గడి నిండుతుంది. మిగతాది గ్రంథపాలకుడి పని. సెంట్రల్ లైబ్రరీని నడిపే నగరపాలక సంస్థ బడుల్లోనే తెలుగు చెప్పే ఉపాధ్యాయులు ఉన్నారు. ఒక పెట్టె పుస్తకాలకు వారి సెలవురోజు ఒకటి సరిపోవచ్చు.