పాసు కట్టిన కొంగుముడి: స్టువర్టుపురం సెటిల్మెంట్ తొలి రోజులు

మా నాయనమ్మ ఊరు దాటాలంటే గడప దగ్గర ఒక్క క్షణం ఆగి కొంగుముడి తడుముకునేది. అందులో డబ్బులుండవని పిల్లలందరికీ తెలుసు. ఊరు దాటడానికి ఇచ్చే పాసు అక్కడే కట్టుకునేదట ఆమె వయసులో ఉన్నప్పుడు. చట్టం పోయి పాతికేళ్లు దాటినా ఆ చెయ్యి మాత్రం మరిచిపోలేదు. మా ఊరి గురించి ఈ సంచికకు రాయమన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ చెయ్యే.

బాపట్ల, చీరాల మధ్య రైల్లో వెళ్తూ మా స్టేషన్ బోర్డు కనపడగానే సంచులు ఒళ్లోకి లాక్కునేవాళ్లను నేను చూశాను. ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో ఊరి పేరు చెప్పగానే ఎదుటాయన రాస్తున్న కలం పక్కన పెట్టేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. దొంగలన్న ఈ పేరు మాకెవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అప్పటినుంచీ వెతుకుతూనే ఉన్నాను.

మేం ఎరుకలవాళ్లం. మాలో ఉప్పు ఎరుకల, దబ్బ ఎరుకల, కరివేపాకు ఎరుకల, పరికముగ్గుల ఎరుకల అని తెగలున్నాయి. ఆ పేర్లన్నీ పనుల పేర్లే. ఒకరు కోస్తా ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసి మెట్ట ఊళ్లకు చేర్చి ధాన్యం తెచ్చుకునేవారు. ఒకరు వెదురు చీల్చి బుట్టలల్లేవారు. ఒకరు ఎరుక చెప్పేవారు. ఉప్పు సర్కారు గుప్పిట్లోకి పోయింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవిలో వెదురు నరకాలన్నా, పశువులు మేపాలన్నా ఆంక్షలొచ్చాయి. 1899 నాటికి బెజవాడ, మద్రాసు మధ్య రైలు నడిచింది. బండెడు ఉప్పును రైలు ఒక్కరోజులో చేరవేస్తుంటే గాడిదల వెంట నడిచేవాడి దగ్గర ఎవరు కొంటారు? బతుకుతెరువు పోయి ఊళ్లమ్మట తిరిగేవాళ్లను చూసి తెల్లదొరలకు అనుమానం పుట్టింది. ఆ అనుమానమే చట్టమైంది.

నేరస్థ జాతుల చట్టం 1871లో ఉత్తరాదిన మొదలైంది. 1911లో కొత్త చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. దాని ప్రకారం ఒక కులాన్ని మొత్తంగా నేరస్థ జాతిగా ప్రకటించవచ్చు. మనిషి మనిషికీ వేలిముద్రలు తీసుకోవచ్చు, కుటుంబాలను తెచ్చి సెటిల్మెంట్లో పెట్టవచ్చు, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేయవచ్చు. నేరం చేశాడా లేదా అన్న ప్రశ్న ఆ చట్టానికి అవసరం లేదు, ఏ తల్లి కడుపున పుట్టాడో తెలిస్తే చాలు.

మా ఊరు పుట్టింది 1913లో. నడిపే బాధ్యత రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) అనే క్రైస్తవ సంస్థకు ఇచ్చారు. ఇండియాలో ఆ సంస్థకు పునాది వేసిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ ఐ.సి.ఎస్. వదిలి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకుని, కాషాయం కట్టి తిరిగిన మనిషి. ఊరికి మాత్రం మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. ఇలాంటివే బెజవాడ అవతల సీతానగరంలో రాళ్లు కొట్టించే సెటిల్మెంటు ఉండేది, కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపినది ఉండేది, కర్నూలు వైపు సిద్ధాపురంలో ఒకటి ఉండేది. మాది వ్యవసాయ సెటిల్మెంటు.

వ్యవసాయం అంటే ఏ నేల మీద? కృష్ణా పశ్చిమ డెల్టా చివర, సముద్రం దగ్గరి పల్లపు భూమి. వానాకాలం నీళ్లు నిలిచేవి. నాగలి పట్టడం ఎరగని చేతులతో తుప్పలు కొట్టించి, బోదెలు తీయించి, దాన్ని పొలం చేయించారు. చుట్టూ గోడ కట్టలేదు, గోడ చేసే పని హాజరు పుస్తకం చేసింది. పగలూ రాత్రీ పేరు పిలిచినప్పుడు పలకాలి. పక్కూరికి పెళ్లికి వెళ్లాలన్నా పాసు కావాలి, పాసు లేకుండా పట్టుబడితే జైలు.

ఆ పొలం కడుపు నింపలేదు. 1920ల్లో చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి కూలీలు కావాల్సి వచ్చారు. మా సెటిల్మెంట్లో కదలడానికి వీల్లేని మనుషులున్నారు. ఆడవాళ్లతో సహా ఆ పనికి పంపారు. సంస్కరణ అన్న మాట కాగితాల మీద ఎంత గొప్పగా ఉన్నా, ఆ కట్టడి వల్ల లాభపడింది కంపెనీ అనే నేను నమ్ముతున్నాను. రక్షణ సైన్యం బడి వల్ల మాలో మొదటి తరం అక్షరాలు నేర్చింది. ఆ మేలు మరువను, అయినా తల్లి దగ్గరుండి చదువుకునే హక్కు ఆ పిల్లలకు ఉండాల్సింది.

మా నాయనమ్మ తంగేడు బరికెలతో గంప అల్లేది. అడుగు కట్టేటప్పుడు బరికెను పళ్లతో పట్టుకుని, మడమతో అదిమి, చుట్టూ తిప్పుతూ పోయేది. ఆ గంపలో నీళ్లు పోసినా నిలుస్తాయేమో అనిపించేది. ఇంత పనితనమున్న జాతిని దొంగలని రాసుకున్నారు.

మద్రాసు ప్రభుత్వం 1947లో నేరస్థ జాతుల చట్టాన్ని తీసేసింది. మన తిరుచానూరు మనిషి మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన 1949లో వేసిన కమిటీ దేశమంతటా తీసేయమంది. 1952 ఆగస్టు 31న అదీ జరిగింది. కానీ మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం వచ్చేసింది. ఠాణాల జాబితాలూ, అనుమానాలూ మిగిలాయి. నెల్లూరు వైపు వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల కోసం, ఎరుకల కోసం జీవితమంతా తిరిగారు. 1970ల్లో కవి జాషువాగారి అమ్మాయి హేమలత, భర్త లవణం మా ఊరొచ్చి మా ఇళ్లలో కూర్చుని మాట్లాడారు. అలా కూర్చోవడమే మాకు కొత్త. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు, జైలు నిబంధనల్లో కులాన్ని బట్టి పని పంచడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. మాలాంటి విముక్త జాతులను పుట్టుకతో నేరస్థులుగా చూడడాన్నీ తప్పుపట్టింది. ఆ వార్త చదివి, నాయనమ్మ ఉంటే వినిపించేవాణ్ణి కదా అనుకున్నాను.

మా ఊరి పేరుతో 1991లో సినిమా వచ్చింది. సెటిల్మెంట్ల మీద మీనా రాధాకృష్ణ 2001లో ఇంగ్లీషులో పుస్తకం రాశారు. మన నోటితో మన భాషలో చెప్పుకోవాల్సింది ఇంకా మిగిలే ఉంది. ఈ సంచిక చదివే ఊరివాళ్లకు, ఊరు వదిలి వెళ్లినవాళ్లకు నా మనవి ఒకటే. ఇంట్లో పెట్టె అడుగున పాత పాసులు, పట్టా కాగితాలు, కంపెనీ కూలి చీట్లు ఉంటే పారేయకండి. జిరాక్సు తీయించి మాకు పంపండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి. కాగితం లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు చెప్పేది ఫోనులో రికార్డు చేయండి. హాజరు పిలుపు తెలిసిన తరంవాళ్లు మన మధ్య కొద్దిమందే ఉన్నారు.