కాటు పడ్డాక కాచుకునే చోటు

తొలకరి పడగానే అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో రెండు రకాల జనం కనిపిస్తారు. ఒకరు విత్తనం వేసే రైతులు. వాన కడిగిన నేలలో వజ్రం మెరుస్తుందేమోనని తల వంచుకుని నడిచేవాళ్లు ఇంకొకరు. ఇద్దరి చేతులూ పాదాలూ నేలను అంటుకునే ఉంటాయి. పాములు బొరియలు వదిలి బయటికొచ్చేదీ ఆ రోజుల్లోనే. తర్వాత వేరుశనగ చెట్లు చేత్తో పీకి, వాములు వేసే కాలం వస్తుంది. వాముల్లోకి ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములొస్తాయి. ఇలాంటి సీమలో పాము కరిస్తే ముందు మంత్రగాడి దగ్గరికి పోయే ఆచారం ఎంతోకాలం నిలిచింది. దాన్ని మూఢనమ్మకమని ఒక్క మాటతో కొట్టేస్తే దాని చరిత్ర మనకు అంతుబట్టదు. ఆసుపత్రి అందని కాలంలో ప్రమాదం ఎంతుందో తేల్చుకోవడానికి పల్లె చేసుకున్న ఏర్పాటు అది. కాసేపు ఆగి, మనిషిని గమనించాలన్న ఆలోచనలో తప్పు లేదు. ఎక్కడ ఆగుతున్నామన్నదే తప్పు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా ఏర్పాటు చేసినప్పుడు వజ్రకరూరు గుత్తి తాలూకాలో ఉండేది. ఆ రోజుల్లో కాటు పడ్డ మనిషిని బండెక్కించి పట్నం చేర్చినా దొరతనం వైద్యుడి దగ్గర విరుగుడు లేదు. అంతకు చాలా ముందే, విశాఖపట్నంలో పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాములను వాటి తెలుగు పేర్లతో సహా 1796 నాటి గ్రంథంలో వర్ణించాడు. కోళ్ల మీద, కుక్కల మీద విషాన్ని పరీక్షించాడు. అప్పట్లో పాముకాటు మందుగా పేరు మోసిన తంజావూరు మాత్రలనూ పరిశీలించాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఇప్పటికీ ఆయన పేరే. అంత చేసినా మందు చేతికి రాలేదు. ఫ్రెంచి వైద్యుడు ఆల్బెర్ కాల్మెట్ 1895లో పాము విషానికి సీరం సిద్ధం చేసేదాకా ప్రపంచంలో ఎక్కడా నికరమైన విరుగుడు లేదు. కాబట్టి అంతకు ముందు మంత్రగాడి గడప తొక్కినవాళ్లు మెరుగైన వైద్యాన్ని కాదని పోయినవాళ్లు కారు.

మంత్రగాడు ఏం చేసేవాడో చూడండి. వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అని అడిగేవాడు. మిరపకాయ కొరికించి కారం తగిలిందా అనేవాడు. మనిషిని నిద్రపోనివ్వొద్దనేవాడు, మాట్లాడిస్తూ ఉండమనేవాడు. రుచిని బట్టి విషాన్ని పట్టుకోవడం కుదరదు. కానీ మాట్లాడిస్తూ కూర్చుంటే మాట ముద్దగా రావడం, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కంటబడతాయి. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పనిచేస్తోందనడానికి ఆసుపత్రిలో నేడు చూసే గుర్తులూ ఇవే. మంత్రగాడు గుర్తు పట్టగలిగేవాడు, ఆ తర్వాత చేయడానికి మాత్రం అతని చేతిలో ఏమీ ఉండేది కాదు.

మరి విరుగుడు వచ్చాక కూడా ఆ ఆచారం ఎందుకు పోలేదు? అనుభవమే దాన్ని కాపాడింది. కరిచేవాటిలో విషం లేని పాములు చాలా ఉంటాయి. విషప్పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కొరికి పోతుంది. అలా బతికినవాళ్లంతా మంత్రగాడి ఖాతాలో చేరతారు. పోయినవాళ్లకు ఆయువు తీరిందంటారు. ఇంత కాలం చూశాం, ఏమీ కాలేదు అన్న మాట నిజమే అయినా ప్రమాదకరమైనది. అన్నిటికన్నా మోసకారి కట్లపాము. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు సరిగా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తే అజీర్తి అనుకుని ఇంట్లోవాళ్లు వాము నీళ్లిస్తారు. ఆ కడుపునొప్పితో పాటు రెప్పలు బరువెక్కుతుంటే ఒక్క నిమిషం కూడా ఇంట్లో ఉండకూడదు.

జనం నమ్మకం వల్ల ఆగడం లేదు, దూరం వల్ల, డబ్బు వల్ల ఆగుతున్నారని కొందరంటారు. అందులో నిజముంది. ఉరవకొండ, గుంతకల్లు దగ్గరే అయినా అనంతపురం పోవాలంటే యాభై కిలోమీటర్లు దాటాలి. ఒకచోట చూపించుకుంటే ఇంకోచోటికి పొమ్మంటారన్న భయం ఉత్త భయమేం కాదు. 2005లో దేశంలో పాముకాటుకు సుమారు 45,900 మంది చనిపోయారనీ, వారిలో నాలుగింట మూడొంతులకు పైగా ఆసుపత్రి బయటే కన్నుమూశారనీ ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. జనాభా లెక్కన అత్యధిక మరణాల రేటు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే. అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది. దూరం అన్న కారణానికి బలం అప్పటి నుంచి తగ్గుతూ వచ్చింది. బండి వచ్చాక కూడా మంత్రగాడి ఇంటి ముందు గంట గడిచిందంటే, ఆ గంటను దూరం ఖాతాలో వేయలేం.

ప్రతి కాటుకూ ఆసుపత్రికి పరుగెత్తితే మందు చాలదన్నది ఇంకో అభ్యంతరం. ఆసుపత్రికి పోవడమంటే విరుగుడు ఎక్కించుకోవడమే కాదు. శుభ్రమైన గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత ఒకసారి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారిందంటే పింజరి విషం పనిచేస్తున్నట్టే, మందు మొదలుపెడతారు. గడ్డకడితే సరిపోయిందని పంపించరు. ఒక రోజంతా ఉంచుకుని వాపు, రెప్పలు, మూత్రం గమనిస్తూ పరీక్ష మళ్లీ చేస్తారు. మంత్రగాడు చేసిన కాపలానే ఇక్కడా చేస్తున్నారు, మందు చేతికందే దూరంలో. దారిలో గట్టిగా తాడు కట్టకుండా, గాటు కోయకుండా, కరిచిన కాలో చెయ్యో విరిగినప్పుడు కట్టినట్టు బద్దతో కదలకుండా ఉంచితే చాలు.

ఎక్కడ ఆగాలన్న ఈ తర్కం పాముకాటుతో ఆగదు. ఛాతీనొప్పిలో ఎక్కువసార్లు గ్యాసే కావచ్చు. అందుకే చెమటలు పట్టి నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినప్పుడు కూడా సోడా తాగి పడుకుంటారు. మూతి వంకరపోతే పసరు మందుకో పావురం రక్తానికో బయల్దేరేవాళ్లు ఇంకా ఉన్నారు. అది పక్షవాతమైతే, మెదడు రక్తనాళంలో గడ్డను కరిగించే మందుకేమో నాలుగున్నర గంటలే గడువు. ఇక పాముకాటు సంగతికి వస్తే, తొలకరికి ముందే దగ్గరి ఆసుపత్రిలో విరుగుడు సీసాలు, గాజు గొట్టాలు, రాత్రంతా మేలుకుని చూసే మనిషి సిద్ధంగా ఉండాలని వజ్రకరూరు రైతులు అడగాలి. అడగకముందే అవి అక్కడ ఉండేట్టు చూడాల్సింది ప్రభుత్వం.