కొత్త ఎస్‌ఎస్‌డీలో 1983 నాటి లెక్కలు

ఈ ఎపిసోడ్ నా పరువు పోయిన కథతో మొదలుపెడతా. మా అక్క లాప్‌టాప్‌లో 128 జీబీ ఎస్‌ఎస్‌డీ నిండిపోయింది. 512 జీబీది కొని, విండోస్‌తో సహా మొత్తం అందులోకి క్లోన్ చేశా. ఆన్ చేస్తే సీ డ్రైవ్ సైజు మాత్రం పాతదే! "ఏరా, ఇంత డబ్బు పెట్టించింది ఇందుకేనా?" అంది అక్క. బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి, నా దగ్గర జవాబు లేదు.

మిగతా చోటంతా ఏమైంది? తెలియాలంటే 1983కి వెళ్లాలి.

ఆ ఏడాది ఐబీఎం, పీసీ ఎక్స్‌టీ అనే కంప్యూటర్ తెచ్చింది. దాని హార్డ్ డిస్క్ 10 ఎంబీ. ఇప్పుడైతే మన ఫోన్‌లో రెండు మూడు ఫొటోలకే సరిపోతుంది. దాంతోపాటు వచ్చిన పీసీ డాస్ 2.0, డిస్క్‌ని భాగాలు చేసే పద్ధతి పెట్టింది. డిస్క్‌లో ఒక్కో 512 బైట్ల ముక్కని సెక్టార్ అంటారు. మొట్టమొదటి సెక్టార్‌లో 64 బైట్లు ఒక చిన్న పట్టికకి ఇచ్చారు. నాలుగే వరసలు. ఏ భాగం ఎక్కడ మొదలవుతుంది, ఎన్ని సెక్టార్లు ఉంటుంది, ఇలాంటివి రాసి ఉంటాయి. దీన్నే ఎంబీఆర్ అంటున్నాం.

పొలం పాస్‌బుక్ లాంటిదే ఇది. పక్కన ఎన్ని ఎకరాలు ఖాళీగా ఉన్నా, పుస్తకంలో రాసినంతే మనది. క్లోన్ చేసినప్పుడు ఫైళ్లతో పాటు ఈ పాస్‌బుక్ కూడా ఉన్నదున్నట్టు కాపీ అయిపోతుంది. అక్క డిస్క్‌లో జరిగింది అదే. ఖాళీ ఉంది, కానీ పుస్తకంలోకి ఎక్కలేదు.

ఆ పట్టికలో సెక్టార్ల సంఖ్య రాయడానికి 32 బిట్లే ఇచ్చారు. ఒక్కో సెక్టార్ 512 బైట్లు అనుకుని గుణిస్తే సుమారు 2 టీబీ. 10 ఎంబీ డిస్క్ ముందు కూర్చున్నవాళ్లకి అది సముద్రమంత. మనకి షాపులో దొరికే సైజు.

ఇంకో పాత లెక్క 63. అప్పటి పద్ధతిలో ఒక ట్రాక్‌కి గరిష్ఠంగా 63 సెక్టార్లు. మొదటి ట్రాక్ వదిలేసి పార్టిషన్ మొదలుపెట్టేవాళ్లు. విండోస్ ఎక్స్‌పీ దాకా అదే నడిచింది. ఎస్‌ఎస్‌డీ మాత్రం లోపల 4 కేబీ, అంతకంటే పెద్ద పేజీల్లో రాస్తుంది. 63 దగ్గర మొదలైతే విండోస్ రాసే ఒక్కో బ్లాక్ రెండు పేజీల మీద పడుతుంది. పని పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. అందుకే విస్టా నుంచి 1 ఎంబీ దగ్గర మొదలుపెట్టడం మొదలైంది. కానీ ఎక్స్‌పీ కాలం నాటి డిస్క్‌ని ఉన్నదున్నట్టు క్లోన్ చేస్తే, ఆ 63 కూడా కొత్త ఎస్‌ఎస్‌డీలోకి వచ్చేస్తుంది.

తర్వాత జీపీటీ వచ్చింది. విండోస్‌లో 128 పార్టిషన్ల దాకా, 64 బిట్ల లెక్క. జాగ్రత్త కోసం పట్టిక రెండో కాపీని డిస్క్ చివర పెట్టారు. మంచి ఆలోచనే. కానీ పెద్ద డిస్క్‌లోకి సెక్టార్ తర్వాత సెక్టార్ కాపీ చేస్తే, ఆ "చివర" కాస్తా మధ్యలో పడుతుంది. దాన్ని మళ్లీ చివరికి జరపాలి.

సరే, అక్క లాప్‌టాప్ సంగతి. సీ డ్రైవ్ పెంచుదామంటే, దానికీ ఖాళీ చోటుకీ మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డం. విండోస్‌లో ఉన్న టూల్ పక్కనే ఉన్న ఖాళీనే కలుపుతుంది. నేను తొందరపడి ఎక్కడో చూసిన కమాండ్లు కొట్టి, తప్పు పార్టిషన్ డిలీట్ చేశా. రీస్టార్ట్ చేస్తే విండోస్ రాలేదు. అందులో మా మేనకోడలు పుట్టినప్పటి ఫొటోలు ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

కాపాడింది నా చదువు కాదు. పాత ఎస్‌ఎస్‌డీని ఇంకా ఫార్మాట్ చేయలేదు, అదీ సంగతి. ఆ సాయంత్రమే చేసేసి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌గా వాడదామనుకున్నా! ముందు ఫొటోలు వేరేచోట కాపీ చేసి, మళ్లీ మొదటినుంచి క్లోన్ చేశా. ఈసారి రికవరీ భాగాన్ని చివరికి జరిపే టూల్ వాడా.

కాబట్టి ఒక్కటే చెప్తా. క్లోన్ అయ్యాక పాత డిస్క్ తీసి పక్కన పెట్టండి. రెండిటికీ ఒకే గుర్తింపు నంబర్ ఉంటుంది కాబట్టి, కలిపి పెడితే విండోస్ ఒకదాన్ని పక్కకి నెట్టేస్తుంది. కొన్ని వారాలు కొత్తది బాగా నడిచాకే పాతదాన్ని ముట్టుకోండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఈలోపు మీ ఫొటోలు రెండు చోట్ల ఉన్నాయో లేదో చూసుకోండి.